మూడు చార్టులు, ఒకే ధర: కాలాల మధ్య ముడి ఎందుకు? ఎలా?

ధనియాల పదిహేను నిమిషాల చార్టు పైకి చూస్తుంది. రోజువారీ చార్టు కిందికి చూస్తుంది. వారం చార్టు ఎటూ తేల్చదు. సరుకు ఒకటే, ధర ఒకటే. మరి మూడు మాటలు ఎందుకొస్తున్నాయి? ఈ మూడింటినీ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానితో ఒకటి ముడిపెట్టొచ్చా? పెడితే ఎవరి మాట చెల్లాలి?

ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ముంబయి దాకా పోనక్కర్లేదు. తమిళనాడులో కోవిల్‌పట్టి, విరుదునగర్ మధ్య నల్లరేగడి నేల ఉంది. అక్కడివాళ్లు దాన్ని కరిసల్ నేల అంటారు. శతాబ్దాల కిందట తెలుగునాట నుంచి దక్షిణానికి నడిచొచ్చిన కుటుంబాలు ఈ నేలను పట్టుకుని స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం ఇప్పటికీ వాళ్లకు మామూలే. ఇడైసేవల్ అనే ఊళ్లో పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ నవలగా చెప్పారు. దాని తరువాయిగా రాసిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కళుగుమలై అనే ఊరు ఈ నేలకు పడమటి అంచున, కోవిల్‌పట్టికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. ఈ నేలలో పండేవి పత్తి, మిరప, మినుము, పెసర, జొన్న, మొక్కజొన్న, ధనియాలు. అమ్ముడయ్యేది కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో. విరుదునగర్ టోకు ధరలు తమిళ పత్రికల్లో వారం వారం అచ్చవుతుంటాయి.

చార్టుల మధ్య ముడి అర్థం చేసుకోవడానికి ఈ ప్రాంతం మంచి చోటు. షేర్ల ధర ఎందుకు తిరిగిందో చెప్పాలంటే చాలాసార్లు ఊహే దిక్కు. ధనియాల ధర ఎందుకు తిరిగిందో చెప్పడానికి ఇక్కడ వానా, విత్తూ, కళ్లమూ సాక్ష్యంగా ఉంటాయి.

ఒకే ధరలో ఎక్కి దిగే చక్రాలు ఇన్ని ఎందుకుంటాయి?

ఒకే సరుకును వేర్వేరు గడువులు పెట్టుకున్న మనుషులు కొంటారు, అమ్ముతారు కాబట్టి. కమీషన్ మండీలో ఉదయం సంచి విప్పుతారు. కొనేవాడు గుప్పెడు ధనియాలు తీసి రెండు అరచేతుల మధ్య నలుపుతాడు. వాసన చూస్తాడు, పగిలిన గింజ ఎంతుందో చూస్తాడు, చెమ్మ ఉందా అని పంటికింద కొరుకుతాడు. అతని లెక్క ఆ రోజుదే. మధ్యాహ్నానికి లారీ నిండితే అతని పని అయిపోతుంది. అతనికి పైన టోకు వ్యాపారి ఉంటాడు. వారానికి ఎన్ని బస్తాలు కదులుతాయో, మసాలా మిల్లు ఎప్పుడు డబ్బు కడుతుందో చూసుకుని అతను నడుస్తాడు. ఇంకా పైన సరుకు గోదాములో దించి నాలుగైదు నెలలు ఆగేవాడు ఉంటాడు. వీళ్లందరికీ అడుగున ఈ ఏడు ధనియాలు వేయాలా, మినుము వేయాలా అని అక్టోబరులో తేల్చుకునే రైతు ఉంటాడు. అతని లెక్క ఏళ్ల లెక్క.

ఈ నలుగురి కొనుగోళ్లూ అమ్మకాలూ ఒకే ధరలో కలిసిపోతాయి. చార్టు మీద కనబడేది ఆ మొత్తం. చార్టు కాలాన్ని, అంటే టైమ్‌ఫ్రేమ్‌ను మార్చినప్పుడల్లా మనం వీళ్లలో ఒకరి మీదికి చూపు తిప్పుతున్నాం, అంతే. అందుకే మూడు చార్టులు మూడు మాటలు చెప్పడం తప్పూ కాదు, సాఫ్ట్‌వేర్ లోపమూ కాదు.

రుతువుల చక్రం ఇక్కడ స్పష్టంగా ఉంటుంది. ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనం మోసుకొస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆ తడిని నమ్ముకుని విత్తుతారు. ధనియాలు జనవరి ఆఖరు నుంచి కళ్లానికి వస్తాయి. కొంచెం వెనకగా రాజస్థాన్‌లోని రామ్‌గంజ్ మండీకి, గుజరాత్‌లోని గోండల్‌కు ఉత్తరాది పంట పోటెత్తుతుంది. దేశం మొత్తం ధరను నడిపేది ఆ పెద్ద పంటే. కాబట్టి విరుదునగర్‌లో ఫిబ్రవరి ధర చూసి మార్చి ధర చెప్పేవాడికి గోండల్ రాబడి తెలిసి ఉండాలి.

ఏళ్ల చక్రానికి కారణం రైతుల నిర్ణయంలోనే ఉంది. ధర బాగున్న ఏడాది చూసి మరుసటి ఏడాది అందరూ అదే వేస్తారు. పంట ఎక్కువై ధర పడుతుంది. పడిన ధర చూసి అందరూ మానేస్తారు. పంట తగ్గి ధర లేస్తుంది. 1928లో ఆర్థర్ హనౌ అనే జర్మన్ ఆర్థికవేత్త పందుల ధరల్లో ఈ ఊగిసలాటను చూపించాడు. ధర, పంట ఒకదాని వెంట ఒకటి తిరిగే ఆ బొమ్మ సాలెగూడులా ఉంటుందని 1934లో నికొలస్ కాల్డర్ అనే మరో ఆర్థికవేత్త దానికి ఆ పేరే పెట్టాడు. మనకు గుంటూరు యార్డు చాలు. 2023లో క్వింటా ఇరవై వేలు దాటిన ఎండుమిర్చి 2025 మొదట్లో ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. పత్తి సంగతీ అలాంటిదే. 356 కిలోల క్యాండీ 2022 మే నెలలో లక్ష రూపాయలు దాటింది. తర్వాతి ఏడాదికి ఆ ధర నిలవలేదు.

మిరప రైతు ఆ పతనాన్ని పదిహేను నిమిషాల చార్టులో చూడగలిగేవాడా? లేదు. ఆ చార్టులో ప్రతిరోజూ రెండు మూడు చోట్ల ‘కొనొచ్చు’ అనిపించే మలుపులు ఉండే ఉంటాయి. ముడి ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. చిన్న చార్టులోని మలుపు విలువ ఎంతో చిన్న చార్టులో తెలియదు.

ఆ విలువ ఎంత మారుతుంది?

లెక్క కోసం రెండు చక్రాలే తీసుకుందాం, రెండూ తిన్నని గీతల్లా ఎక్కి దిగుతాయని అనుకుందాం. పెద్దది 80 రోజులది. 40 రోజులు ఎక్కుతుంది, 40 రోజులు దిగుతుంది, అడుగు నుంచి పైకి 1,600 రూపాయలు. అంటే రోజుకు 40. చిన్నది 20 రోజులది. పది రోజులు ఎక్కుతుంది, పది రోజులు దిగుతుంది, తేడా 600 రూపాయలు. అంటే రోజుకు 60.

పెద్దది ఎక్కుతున్నప్పుడు చిన్నది కూడా ఎక్కితే ధర రోజుకు వంద పెరుగుతుంది. పది రోజుల్లో వెయ్యి. చిన్నది దిగితే రోజుకు ఇరవై తగ్గుతుంది. పది రోజుల్లో రెండొందలు. ఇప్పుడు పెద్దదాన్ని దింపండి. చిన్నది ఎక్కే పది రోజుల్లో ధర పెరిగేది రెండొందలే. దిగే పది రోజుల్లో వెయ్యి పోతుంది.

చిన్న చార్టులో రెండు సందర్భాల్లోనూ కనబడేది ఒకటే మలుపు, ఒకటే కొనుగోలు సంకేతం. ఒక చోట దాని విలువ వెయ్యి, ఇంకో చోట రెండొందలు. ఆ రెండొందల్లోంచి బ్రోకరేజీ, పన్నులు, కొనుగోలు అమ్మకాల ధరల మధ్య తేడా పోతే చేతికి ఏమీ మిగలకపోవచ్చు. ఇలాంటి సంకేతాలిచ్చే ఇండికేటర్ చెడిపోయిందని సెట్టింగులు మారుస్తూ కూర్చునేవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లలో చాలామందికి మార్చవలసింది ఇండికేటర్ కాదు. పైన ఉన్న చక్రం ఎటు పోతోందో చూడటం లేదు, అదీ లోటు.

నిజం మార్కెట్లో గీతలు తిన్నగా ఉండవు. అవి వంపు తిరిగినప్పుడు ఇంకో గుర్తు దొరుకుతుంది. పెద్ద చక్రం ఎక్కుతుంటే చిన్న చక్రపు శిఖరం నడిమధ్యన రాక ఆలస్యంగా, కుడికి జరిగి వస్తుంది. దిగుతుంటే తొందరగా, ఎడమకు జరిగి వస్తుంది. పెద్ద చార్టు తెరవకుండానే పెద్ద చక్రం జాడ తెలిపే గుర్తు ఇది. చక్రాల మీద పనిచేసేవాళ్లు దీన్ని బాగా నమ్ముతారు, నా లెక్కలో నమ్మదగ్గదే.

ఈ ఆలోచనను పద్ధతిగా పేర్చింది జె. ఎం. హర్స్ట్ అనే అమెరికన్ ఇంజినీరు. 1970లో వచ్చిన ఆయన పుస్తకంలోని సారం ఇది: ధర అంటే చాలా చక్రాల కూడిక. పక్కపక్క చక్రాల పొడవుల మధ్య నిష్పత్తి దాదాపుగా రెండో మూడో ఉంటుంది. వాటి అడుగులు ఒకే చోట పడటానికి మొగ్గు చూపుతాయి, శిఖరాలు అలా పడవు. అందుకే పెద్ద చక్రం అడుగు వెతికేవాడు చిన్న చక్రాల అడుగులు కూడా అక్కడే ఉన్నాయేమో చూస్తాడు. పొడవు ఎప్పుడూ అంతే ఉంటుందని హర్స్ట్ అనలేదు. అవి సగటు పొడవులు, ఒక్కోసారి సాగుతాయి, ఒక్కోసారి కుంచించుకుపోతాయి. ఆయన పేరు చెప్పుకుని ఫలానా తేదీన మార్కెట్ తిరుగుతుందని రాసేవాళ్లు ఈ మాట మర్చిపోతారు.

ముడి ఏ దిక్కుగా వేయాలి?

పై నుంచి కిందికి. కళుగుమలై కొండ మీద వెట్టువాన్ కోయిల్ ఉంది. ఎనిమిదో శతాబ్దపు పాండ్యుల కాలం పని, ఒకే రాతిలో తొలిచిన గుడి. శిల్పులు విమాన శిఖరం దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ చెక్కారు. పైభాగం నిండుగా ఉంది, అడుగు భాగం అసంపూర్తిగా ఆగిపోయింది. శిఖరం కొలత తేలకుండా కింద ఉలి పెట్టే వీల్లేదు, ఎందుకంటే తీసేసిన రాయిని మళ్లీ అతికించలేరు. చార్టుల పని కూడా ఆ వరసలోనే సాగాలి. నెల లేదా వారం చార్టు దిక్కు తేలుస్తుంది. రోజువారీ చార్టు ఆ దిక్కులో ఎక్కడ అడుగు పెట్టాలో చూపిస్తుంది. నిమిషాల చార్టు కొనే క్షణాన్ని మాత్రమే చెబుతుంది. అలెగ్జాండర్ ఎల్డర్ అనే ట్రేడర్ 1993 నాటి పుస్తకంలో చెప్పిన మూడు తెరల పద్ధతి ఇదే. పక్కపక్క తెరల మధ్య ఐదు రెట్ల తేడా ఉండాలని ఆయన సలహా ఇచ్చాడు.

ఐదు రెట్ల లెక్క షేర్లు నడిచే మన ఎన్‌ఎస్‌ఈకి విచిత్రంగా సరిపోతుంది. ఉదయం 9.15కు తెరిచి మధ్యాహ్నం 3.30కు మూస్తారు. అంటే 375 నిమిషాలు. అరవై నిమిషాల చార్టు పెట్టుకుంటే గంట ధరను చూపే క్యాండిళ్లు ఆరు పూర్తిగా వచ్చి, చివర పదిహేను నిమిషాల ముక్క మిగులుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ ముక్కను కూడా నిండు క్యాండిల్‌లాగే లెక్కలో కలుపుతుంది. ప్రతి ఏడో క్యాండిలూ బరువు తక్కువదైతే చక్రం పొడవు లెక్క తప్పుతుంది. దాని బదులు 75 నిమిషాలు పెట్టండి. రోజుకు సరిగ్గా ఐదు క్యాండిళ్లు. ఆ 75లో ఐదు పదిహేనులు. పదిహేనులో ఐదు మూడులు. పైకి పోతే రోజు, దాని పైన ఐదు రోజుల వారం. మూడు నిమిషాలు, పదిహేను, డెబ్బై ఐదు, రోజు, వారం: మెట్టుకు మెట్టుకు ఐదు రెట్లే. వారం నుంచి నెలకు పోతేనే ఈ లెక్క చెడుతుంది. మన ట్రేడర్లు 75 నిమిషాల చార్టును, రోజుకు మూడు క్యాండిళ్లు ఇచ్చే 125 నిమిషాల చార్టును ఇష్టపడటానికి కారణం ఈ భాగహారమే. ధనియాలు నడిచే ఎన్‌సీడీఈఎక్స్, పత్తి నడిచే ఎంసీఎక్స్ వేళలు వేరు. వాటికి ఈ భాగహారం మళ్లీ చేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో కలపడం అంటే ఏమిటి?

రెండు పనులున్నాయి, రెండింటినీ ఒకటే అనుకుంటారు. మొదటిది కంటికి కలపడం. ట్రేడింగ్‌వ్యూలో నాలుగు చార్టులు ఒకే తెరపై పరిచి సింబల్‌ను, క్రాస్‌హెయిర్‌ను జత చేస్తే, ఒక చార్టులో మంగళవారం మీద వేలు పెట్టగానే మిగతా మూడింట్లోనూ అదే మంగళవారం కనబడుతుంది. అమీబ్రోకర్‌లోనూ సింబల్‌ను, ఇంటర్వల్‌ను కలిపే లింకులున్నాయి. చూడటానికి సౌకర్యం, అంతకుమించి ఏమీ లేదు. లెక్కలో ఏ చార్టూ ఇంకోదాన్ని ప్రభావితం చేయదు.

రెండోది లెక్కను కలపడం. వారం చార్టులో పుట్టిన అంకెను తెచ్చి రోజువారీ చార్టులోని ప్రతి క్యాండిల్ పక్కన నిలబెట్టడం. ట్రేడింగ్‌వ్యూ పైన్ స్క్రిప్ట్‌లో ‘రిక్వెస్ట్ సెక్యూరిటీ’ అనే ఆదేశం ఈ పని చేస్తుంది. అమీబ్రోకర్‌లో ‘టైమ్‌ఫ్రేమ్ సెట్’తో వారంలోకి వెళ్లి లెక్కవేసి, ‘టైమ్‌ఫ్రేమ్ ఎక్స్‌పాండ్’తో తిరిగి రోజుల్లోకి పరుస్తారు. మెటాట్రేడర్‌లో ఇండికేటర్‌ను పిలిచేటప్పుడే టైమ్‌ఫ్రేమ్ చెప్పొచ్చు. అసలైన ముడి ఇది. అసలైన ప్రమాదమూ ఇక్కడే.

ఆ ప్రమాదం ఎలా వస్తుందో అంకెల్లో చూడండి. గడిచిన నాలుగు వారాల ముగింపు ధరలు 7,400, 7,300, 7,200, 7,150 అనుకుందాం. నాలుగు వారాల సగటు 7,262.50. ఈ వారం సోమవారం 7,100, మంగళవారం 7,050, బుధవారం 7,000, గురువారం 7,250, శుక్రవారం 7,600. వారం ముగిశాక కొత్త సగటు 7,312.50. అంటే పైకి తిరిగింది.

ఇప్పుడు ‘వారం సగటు పైకి తిరిగితే కొనాలి’ అనే నియమాన్ని పాత చరిత్ర మీద పరీక్షించండి, అంటే బ్యాక్‌టెస్ట్ నడపండి. ముడి జాగ్రత్తగా వేయకపోతే సాఫ్ట్‌వేర్ ఆ 7,312.50ను ఆ వారంలోని ఐదు రోజులకూ పరిచేస్తుంది. మంగళవారం క్యాండిల్ పక్కన ‘వారం సగటు పైకి తిరిగింది’ అని ఉంటుంది. నియమం ప్రకారం 7,050కి కొని శుక్రవారం 7,600కు అమ్మినట్టు, 550 లాభం వచ్చినట్టు రాసుకుంటుంది. నిజంగా ఆ మంగళవారం నాడు కూర్చుని చూస్తే అప్పటికి తెలిసిన ఆఖరి ధర 7,050. దాంతో లెక్కవేసిన సగటు 7,175. కిందికే చూస్తోంది. ఆ రోజు ఎవరూ కొని ఉండరు. టెస్టులో వచ్చిన లాభం శుక్రవారం ధర మంగళవారానికే తెలిసిపోవడం వల్ల పుట్టింది.

అద్భుతమైన ఫలితాలు చూపించి అమ్మే మల్టీ టైమ్‌ఫ్రేమ్ ఇండికేటర్లలో మొదట పరీక్షించాల్సింది ఇదే. పద్ధతి కష్టమేమీ కాదు. పైన్ స్క్రిప్ట్‌లో నడుస్తున్న వారం విలువ తీసుకోకుండా, అంతకు ముందు పూర్తయిన వారం విలువ తెచ్చుకోవాలి. అమీబ్రోకర్‌లో ‘ఎక్స్‌పాండ్ లాస్ట్’ వాడితే వారం విలువ ఆ వారం ఆఖరి రోజు నుంచే కనబడుతుంది. ‘ఎక్స్‌పాండ్ ఫస్ట్’ వాడితే మొదటి రోజుకే వచ్చేస్తుంది. వారం ప్రారంభ ధరకు అది సరే, ముగింపు ధరకు కాదు. ఇలా చేస్తే సంకేతం కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని ఒప్పుకోవాల్సిందే.

ఇలాంటిదే ఇంకోటి, సగటు గీతను మధ్యకు జరిపి గీయడం. చక్రం రూపం బాగా కనబడాలని హర్స్ట్ పద్ధతి వాడేవాళ్లు ఇలా చేస్తారు. 21 వారాల సగటును మధ్యకు జరిపితే చివరి పది వారాల్లో గీత ఉండకూడదు. ఏదైనా సాఫ్ట్‌వేర్ ఈ రోజు దాకా గీత గీసి చూపిస్తోందంటే ఆ పది వారాలూ ఊహతో నింపినవి. రేపు వచ్చే ధరను బట్టి అవి చెరిగి మళ్లీ గీయబడతాయి.

అంకెల మార్పిడి గురించి ఒక మాట. రోజువారీ చార్టులో 20 పెట్టిన మూవింగ్ యావరేజ్‌కు వారం చార్టులో సాటి 4. వారం చార్టులో కూడా 20 పెడితే అది వంద రోజుల సగటు, వేరే చక్రం. రెండు చోట్లా 20 ఉంచడం తప్పు కాదు, ఒకే చక్రాన్ని రెండు చార్టుల్లో చూస్తున్నాననుకోవడం తప్పు. ఇంకో జాగ్రత్త: ఫ్యూచర్స్ చార్టులో ఒక నెల కాంట్రాక్టు ముగిసి ఇంకో నెలది అతికే చోట ధర ఎగిరినట్టో పడినట్టో ఉంటుంది. చిన్న చార్టులో దాన్ని అతుకుగా గుర్తుపట్టొచ్చు, వారం చార్టులో అది మలుపుగా కనబడుతుంది. ధనియాలకు, పత్తికి అతుకు సరిచేసిన ధరల వరస వాడటం మంచిది.

ఏ చార్టులో ఏ చక్రం కనబడుతుంది?

గణితంలో కనీస నియమం ఉంది. చక్రానికి రెండు కంటే ఎక్కువ క్యాండిళ్లు పడకపోతే ఆ చక్రం దొరకదు. దొరక్కపోవడమే కాదు, లేని పెద్ద చక్రంలా మారువేషంలో కనబడుతుంది. రూపం తెలియాలంటే ఎనిమిది పదైనా కావాలి. ఇరవై రోజుల చక్రం వారం చార్టులో నాలుగే క్యాండిళ్లు, కాబట్టి దాన్ని అక్కడ వెతకొద్దు. రెండో హద్దు తిరిగిరావడంలో ఉంది. నాలుగైదు సార్లయినా వచ్చినదాన్నే చక్రం అనాలి. ఏడాది చక్రానికి ఐదేళ్ల డేటా కావాలి. నాలుగేళ్ల సాగు చక్రానికి ఇరవై ఏళ్ల డేటా తెచ్చినా దొరికేవి ఐదు ఉదాహరణలే. ఐదు ఉదాహరణల మీద డబ్బు పెట్టేవాడు తన దగ్గరున్నవి ఐదేనని గుర్తుంచుకోవాలి.

మూడు చార్టులూ ఒకే మాట చెబితే నమ్మొచ్చా?

అవి మూడు వేర్వేరు సాక్ష్యాలు కావు. ఒకే ధరను మూడు రకాలుగా నునుపు చేసి గీసిన గీతలవి. ఒకదానితో ఒకటి ఏకీభవించడంలో ఆశ్చర్యం లేదు. 1927లో మాస్కోలోని కాంజంక్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో యెవ్గెనీ స్లుట్‌స్కీ అనే ఆర్థికవేత్త ఒక ప్రయోగం చేశాడు. ప్రభుత్వ లాటరీలో వచ్చిన అంకెలు తీసుకుని, వాటిని పదేసి చొప్పున కలుపుకుంటూ వరస తయారుచేశాడు. లాటరీ అంకెలకు ఒకదానితో ఒకదానికి సంబంధమే లేదు. అయినా కలిపిన వరసలో అలలు లేచాయి. దాన్ని 1855 నుంచి 1877 దాకా ఇంగ్లాండు వ్యాపార చక్రాల పక్కన పెడితే రెండూ పోలి ఉన్నాయి. అంటే సగటు తీయడమే చక్రాలను పుట్టించగలదు. మూవింగ్ యావరేజ్ మీద కట్టిన ప్రతి ఇండికేటర్ ఈ పని చేస్తుంది. మూడు టైమ్‌ఫ్రేముల్లో మూడు సగటులు గీస్తే మూడు చోట్లా అలలు వస్తాయి, వాటిలో ఎన్ని మార్కెట్‌వో ఎన్ని సగటువో చార్టు చెప్పదు.

అందుకే నా దృష్టిలో పెద్ద చక్రానికి చార్టు బయట కారణం దొరకాలి. ధనియాల వారం చార్టు అడుగులో ఉందంటే, ఉత్తరాదిన సాగు విస్తీర్ణం తగ్గిందా? పాత నిల్వలు కరిగాయా? గోండల్‌కు రోజువారీ రాబడి పడిపోతోందా? కోవిల్‌పట్టి వైపు నవంబరు వాన సరిగా పడిందా? కోవిల్‌పట్టిలో వందేళ్లు దాటిన మెట్ట వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, పత్తిలో ‘కె’ రకాలు అక్కడివే. ఈ నేలకు వానకూ పంటకూ ఉన్న సంబంధం అక్కడ కొన్ని తరాలుగా రాసిపెట్టుకుంటున్న సంగతి. మండీలో పెద్దవాళ్లు ఫోనులో చార్టు చూస్తున్న కుర్రాళ్లను, “ఏం అబ్బాయ్, దీనికి వాన సంగతి తెలుసునా?” అని అడుగుతారు. చాలా సరైన ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌కు తెలిసినది ధర ఒక్కటే. వాన, విస్తీర్ణం, రాబడి ధరకు బయటి సాక్షులు. పెద్ద చక్రం మాటకు అవి తోడైతే ఆ మాటకు బరువొస్తుంది.

కారణం ఉన్నా చక్రం తప్పే రోజులుంటాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్రం పత్తి దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది. ఏ టైమ్‌ఫ్రేమ్‌లోనూ అలాంటి నిర్ణయం ముందుగా కనబడదు. ధర ఇంత పడితే అమ్మేయాలని ముందే పెట్టుకునే హద్దు, స్టాప్‌లాస్, ఉన్నది ఇలాంటి రోజుల కోసమే.

స్టాప్‌లాస్ ఏ చార్టు ప్రకారం పెట్టాలి?

ఏ చక్రం కోసం కొన్నామో ఆ చక్రపు చార్టు ప్రకారం. ఈ ఒక్క విషయంలో ముడిని తలకిందులు చేసి నష్టపోయేవాళ్లు ఎక్కువ. పదిహేను నిమిషాల మలుపు చూసి కొంటారు. ధర పడుతుంది. స్టాప్‌లాస్ దగ్గరికి రాగానే వారం చార్టు తెరిచి ‘ఇక్కడ ఇంకా మద్దతు ఉంది’ అంటారు. ఆ క్షణంలో రెండు గంటల వ్యాపారం ఆరు నెలల వ్యాపారంగా మారిపోతుంది, పెట్టిన డబ్బు మాత్రం రెండు గంటల లెక్క ప్రకారం పెట్టినదే. వారం చార్టు ప్రకారం ఉంచుకోవాలంటే స్టాప్‌లాస్ దూరం ఐదారు రెట్లు పెరుగుతుంది, కాబట్టి మొదట్లోనే సరుకు ఐదారో వంతు కొని ఉండాలి. వారం చార్టును కొనకముందు చూడాలి, కొన్నాక సాకు కోసం చూడకూడదు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్క తీసి, ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. నష్టాలకు కారణాలు చాలా ఉంటాయి, కాలాలు కలగాపులగం కావడం వాటిలో ఒకటని నా నమ్మకం.

ట్రేడింగ్ చేయని రైతుకు ఇది ఎందుకు?

మార్చిలో కళ్లంలో ధనియాలు ఉన్న రైతు కూడా మూడు చక్రాల మధ్యే నిలబడి ఉంటాడు. ఇప్పుడే అమ్మాలా, జులై దాకా ఆపాలా? క్వింటా ధర 7,000 అనుకుందాం. అప్పు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే నెలకు 70. గోదాము అద్దె, తరుగు, రంగు తగ్గడం కలిపి ఇంకో 40 వేసుకుంటే నెలకు 110, నాలుగు నెలలకు 440. జులైలో 7,440 దాటకపోతే ఆపినందుకు నష్టమే.

పంట తర్వాత ధర మెల్లగా పెరగడం రుతువు చక్రపు సహజ గుణం. నిల్వ ఖర్చు ఎవరో ఒకరికి గిట్టాలి కదా. కానీ ఆ పెరుగుదల ప్రతి ఏడూ రాదు. సాగు విస్తీర్ణం బాగా పెరిగి, పాత నిల్వలు కూడా ఉన్న ఏడాది ఏళ్ల చక్రం దిగుతూ ఉంటుంది. పైన 80 రోజుల లెక్కలో వెయ్యి కాస్తా రెండొందలకు తగ్గినట్టే, రుతువు ఇచ్చే పెరుగుదల ఆ ఏడు 440కి చేరదు. అలాంటి ఏడు కళ్లం దగ్గరే అమ్మేయడం నయం. విస్తీర్ణం తగ్గిన ఏడు నిల్వ పెట్టడంలో అర్థముంది. అప్పుడు రిజిస్టరైన గోదాములో దించి, ఎలక్ట్రానిక్ రసీదు మీద అప్పు తీసుకుంటే ఇంటి ఖర్చు కోసం తొందరపడి అమ్మే అవసరం తగ్గుతుంది. ఆ తర్వాతే వారం ధరల వంతు. విరుదునగర్ టోకు ధర రెండు మూడు వారాలు వరసగా దిగి మళ్లీ లేచిన వారం చూసుకుని సరుకు బయటికి తీయాలి. ఒకేసారి అంతా కాకుండా రెండు మూడు విడతలుగా తీస్తే, ఒక వారం మలుపు తప్పినా మిగతా బస్తాలకు ఇంకో వారం ఉంటుంది.